తిరుమల కొండలో కనిపించని 80 కోట్ల ఏళ్ళు

క్వార్ట్‌జైటు ఏ రకం శిల? డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలో ఈ ప్రశ్నకు "రూపాంతర శిల" అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఆ జవాబు రాసిన గది తిరుపతిలో ఉంది. కాగితం మీంచి తల ఎత్తితే కిటికీలో శేషాచలం కనిపించేది. కింద చెట్లు కమ్మిన వాలు, పైన గోడ కట్టినట్టు నిటారుగా నిలిచిన ఎర్రటి రాతి వరుస. ఆ గోడంతా క్వార్ట్‌జైటే. మూడేళ్ళలో ఒక్కసారి కూడా మమ్మల్ని ఎవరూ దాని దగ్గరకు తీసుకువెళ్ళలేదు. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో తీసుకువెళ్ళిన కాలేజీ ఏదైనా ఉంటే దాని పేరు చెప్పుకోవాలి.

తరువాత భూగర్భ జలాల సర్వే పనిలో పడి ఇరవై ఏళ్ళకు పైగా చిత్తూరు, కడప, అనంతపురం పల్లెల్లో రాళ్ళ మధ్య తిరిగాను. అప్పటికి గానీ తెలిసిరాలేదు, నా జవాబు సగమే నిజమని. తిరుమల క్వార్ట్‌జైటు భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ ఉడికి, రూపురేఖలు మారిపోయిన రాయి కాదు. అది ఒకనాటి నీటి ఒడ్డు ఇసుక. రేణువుల సందుల్లో సిలికా చేరి సిమెంటులా పట్టేయడంతో సుత్తి దెబ్బకు కూడా లొంగనంత గట్టిపడింది. నీళ్ళు కదిలినప్పుడు అడుగు ఇసుక మీద పడే ముడతలు ఆ కొండల్లో కొన్ని పలకల మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద చెయ్యి పెడితే స్వర్ణముఖి ఇసుకలో వేళ్ళాడించినట్టే ఉంటుంది. పేరుకు క్వార్ట్‌జైటు, పుట్టుకకు ఇసుక. అగ్ని, అవక్షేప, రూపాంతర శిలలనే మూడు అరల పెట్టెలో దీన్ని ఏ అరలో వేయాలి? పరీక్షకైతే ఒక అర, కొండ దగ్గరైతే ఇంకో అర.

ఈ పాత సంగతి ఇప్పుడు గుర్తుకు రావడానికి మా అక్క కొడుకు కారణం. వాడు ఈ ఏడాది జియాలజీ తీసుకుని డిగ్రీలో చేరాడు. నెల తిరగకముందే ఫోను. "మామయ్యా, కేంబ్రియన్, ఆర్డోవిషియన్, సైలూరియన్... ఈ వరుస గుర్తుండడానికి ఏదైనా చిట్కా చెప్పు." చెప్పాను. చెప్పి ఫోను పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. ఒక తరం గడిచింది, పుస్తకాల అట్టలు మారాయి, మొదటి నెల పాఠం మాత్రం మారలేదు. శిలలు మూడు రకాలు, ఖనిజాల కాఠిన్యం ఒకటి నుంచి పది వరకు, కాలాల పేర్లు కింది నుంచి పైకి. నా వాదన ఒక్కటే: జియాలజీని పేర్లతో మొదలుపెట్టడం తప్పు. ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది, అది మనకెలా తెలుసు అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. రాయలసీమ విద్యార్థికి ఆ ప్రశ్న వేసుకోవడానికి తిరుమల కొండను మించిన చోటు లేదు.

ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచిన కొన్ని చోట్ల, నిటారు వాలుల మీద, రెండు వేర్వేరు రాళ్ళు కలిసే గీత కనిపిస్తుంది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ స్థాయి భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పేరు, అంటే రెండు రాళ్ళ మధ్య ఎంతో కాలం ఆనవాలు లేకుండా పోయిన గీత. బస్సులో జనం గోవింద నామం చెప్పుకుంటూ, మలుపుల్లో కడుపు తిప్పకుండా నిమ్మకాయ వాసన చూస్తూ దాన్ని దాటిపోతారు. నడిచి వెళ్ళేవారు కూడా మెట్ల దారిలో ఒకచోట గ్రానైటు వదిలి క్వార్ట్‌జైటులోకి అడుగుపెడతారు. అది ఏ మెట్టో కనిపించకుండా మెట్ల రాళ్ళే కప్పేశాయి.

గీత కింద ఉన్నది గ్రానైటు. దగ్గరగా చూస్తే ఫెల్డ్‌స్పార్, గాజు ముక్కల్లాంటి పలుగు, అక్కడక్కడా నల్లటి అభ్రకం, అన్నీ భూతద్దం లేకుండా విడివిడిగా కనిపిస్తాయి. పటికబెల్లం ఎలా తయారవుతుందో చూసినవారికి దీని అర్థం తెలుస్తుంది. పాకం నెమ్మదిగా చల్లారితేనే పెద్ద పలుకులు కడతాయి, గబగబా చల్లారితే పొడిపొడిగా మిగులుతుంది. శిలాద్రవం ఇంత పెద్ద పలుకులు కట్టేంత నిదానంగా చల్లారాలంటే దాని మీద కిలోమీటర్ల మందాన రాయి దుప్పటిలా కప్పి ఉండాలి. కాబట్టి ఈ గ్రానైటు పుట్టింది లోతున.

కానీ దాని నెత్తి మీద కూర్చున్నది ఒడ్డు ఇసుక. ఇసుక వచ్చి చేరే వేళకు గ్రానైటు ఎండా వానా తగిలే చోట బయటపడి ఉండాలి. మరి ఆ కిలోమీటర్ల దుప్పటి ఏమైంది? అరిగిపోయింది. పగటి ఎండకూ రాత్రి చలికీ బీటలు వారి, నీటికి మెత్తబడి, మొరంగా రాలి, వాగుల్లో కొట్టుకుపోయింది. అలా అరగడానికి ఎంత కాలం పడుతుందో ఊహించాలంటే మీ ఊరి బండను గుర్తు తెచ్చుకోండి. మీ తాతగారు కూర్చున్న బండ మీదే మీరూ కూర్చున్నారు కదా, ఈలోగా ఎంత తరిగింది?

ఇంకో సాక్ష్యం ఉంది. గ్రానైటును నిలువునా చీల్చుకుంటూ డోలరైటు అనే నల్లరాయి పట్టీలుగా లేచి ఉంటుంది. వీటిని డైకులంటారు. (గచ్చు రాళ్ళ దుకాణంలో దీన్నీ నల్ల గ్రానైటనే అమ్ముతారు. ప్రపంచమంతా కొనుక్కునే చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కూడా అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. పేర్ల మీద నాకు నమ్మకం తగ్గడానికి ఇదీ ఒక కారణం.) డైకు గ్రానైటును కోసింది కాబట్టి గ్రానైటే పెద్దది. గాటు కంటే కాయ ముందుది. ఆ డైకులు గీత దాకా వచ్చి అక్కడ ఠక్కున తెగిపోతాయి, పైనున్న క్వార్ట్‌జైటులోకి వెళ్ళవు. అంటే డైకులు చొచ్చుకువచ్చి చల్లారిన తరువాతే నేల అరిగింది. అరిగిన తరువాతే అది కుంగి, నీరు వచ్చి, ఇసుక పేరుకుంది. ఆ ఇసుక రాయిగా మారాకే మొత్తం పైకి లేచింది. లేచిన దాన్ని వానలు మళ్ళీ కోస్తున్నాయి, అందుకే మనకు కొండగా కనిపిస్తోంది.

ఇంతవరకు నేను ఒక్క పరికరం వాడలేదు, ఒక్క తేదీ చెప్పలేదు. చూపు, కాస్త ఓపిక, ముందూ వెనకా అనే తర్కం, అంతే. పన్నెండో తరగతి దాటిన ఎవరైనా ఒక పూటలో ఈ కథను సొంతంగా కట్టగలరు. కట్టాక అడుగుతారు, "మరి ఇదంతా ఎన్నాళ్ళ కిందట?" అని. అంకెలు చెప్పవలసిన సమయం అది, అంతకుముందు కాదు.

గ్రానైటుది 250 కోట్ల సంవత్సరాల దరిదాపు వయసు. దాన్ని జిర్కాన్ అనే సన్నటి ఖనిజం చెబుతుంది. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తరువాత ఆ యురేనియం ఒక లెక్క ప్రకారం సీసంగా మారుతూ పోతుంది. యురేనియం-238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఇప్పుడు లోపల ఎంత సీసం ఉందో కొలిస్తే గడియారం తిరిగినంత కాలమూ తెలుస్తుంది. క్వార్ట్‌జైటుతో ఇంత సులువు కాదు. దానిలోని జిర్కాన్లు ఇసుకతో పాటు ఎక్కడినుంచో కొట్టుకొచ్చినవి. అవి చెప్పేది తమ పుట్టిన తేదీ గానీ, ఇసుక పేరుకున్న తేదీ కాదు. కొత్త ఇంటికి పాత ఇటుకలు వాడితే ఇటుక వయసు చూసి గృహప్రవేశం తేదీ చెప్పలేం, ఇల్లు ఇటుకల కంటే పాతది కాదని మాత్రం చెప్పగలం. అందుకే గీతకు పైనా కిందా ఉన్న రాళ్ళ మధ్య అంతరం 80 కోట్ల సంవత్సరాలని ఎక్కువగా రాసినా, 50 కోట్లనే లెక్కలూ ఉన్నాయి. రేపు ఇంకొకరు మార్చవచ్చు. అంకె ఎంత మారినా గ్రానైటు, డైకు, అరుగుదల, ఇసుక అనే వరుస మాత్రం అలాగే ఉంటుంది. విద్యార్థి మొదట పట్టుకోవలసింది ఆ మారనిదాన్ని. మనం మాత్రం మారేదాన్ని కంఠస్థం చేయిస్తాం.

ఈ శాస్త్రం పుట్టింది కూడా ఇలాగే. స్కాట్లాండ్‌లో జేమ్స్ హటన్ అనే ఆయన కొంతకాలం వ్యవసాయం చేశాడు. ఏటా వానలకు పొలం మట్టి కొట్టుకుపోవడం చూసి, ఇలాగే పోతే భూమి మీద నేలే మిగలకూడదు కదా, మరి కొత్త నేల ఎక్కడినుంచి వస్తోంది అని ఆలోచనలో పడ్డాడు. 1788లో జాన్ ప్లేఫెయిర్, జేమ్స్ హాల్ అనే ఇద్దరు మిత్రులతో పడవలో వెళ్ళి సిక్కర్ పాయింట్ అనే సముద్రపు ఒడ్డున నిటారుగా నిలబడ్డ పొరల మీద దాదాపు అడ్డంగా పరుచుకున్న ఎర్ర ఇసుకరాయిని చూపించాడు. కింది పొరలు పేరుకుని, గట్టిపడి, నిలబడి, అరిగితే గానీ పై పొరలు రావు. కాలపు అగాధంలోకి చూస్తున్నట్టు కళ్ళు తిరిగాయని ప్లేఫెయిర్ తరువాత రాసుకున్నాడు. అప్పటికి వాళ్ళ దగ్గర ఒక్క వయసు లెక్క లేదు. రేడియోధార్మికత సంగతి బయటపడడానికి ఇంకా వందేళ్ళకు పైగా ఉంది. ఆ గీతలో మాయమైన కాలం సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాలని ఈనాటి లెక్క. మన తిరుమల గీతను ఏ లెక్కలో తీసుకున్నా దానికి ఎన్నో రెట్లు పెద్దది. సిక్కర్ పాయింట్ బొమ్మ మన పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. తిరుపతిలో చదివిన నేను కూడా ఆ బొమ్మనే పరీక్షలో గీశాను.

ఇక్కడ ఒక మాట. ఇంట్లో ఏ పూజ జరిగినా సంకల్పంలో "శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే" అని వింటూ పెరిగినవాళ్ళం. ఒక కల్పం 432 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు 454 కోట్లని ఇప్పటి లెక్క. రెండూ పక్కపక్కన పెట్టి చూశారా మనవాళ్ళకు ముందే తెలుసు అనే మాట తరగతి గదుల్లో కూడా వింటున్నాను. అంత పెద్ద కాలాన్ని ఊహించగలిగిన మనసు మీద నాకు గౌరవమే. బైబిలు ప్రకారం భూమికి ఆరు వేల ఏళ్ళే అన్న లెక్కకు అలవాటుపడిన యూరప్ పడ్డంత యాతన మనం పడనక్కరలేదు కూడా. కానీ సంకల్పంలోని అంకెను కొండ గోడ దగ్గరకు తీసుకువెళ్ళి సరిచూడలేం, అది అందుకోసం పుట్టినది కాదు. హటన్ దగ్గర గోడ ఉంది, అంకె లేదు. పిల్లలకు నేర్పవలసింది హటన్ పద్ధతి. 1956లో క్లేర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త ఉల్కలలోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడంటే, తన అంకె తప్పయితే ఎలా తప్పవుతుందో కూడా పక్కనే చూపించాడు కాబట్టే అది నిలబడింది.

పేర్లతో మొదలైన చదువు ఎక్కడ తడబడుతుందో చూడాలంటే కొండ పైకే వెళ్ళండి, శిలాతోరణం దగ్గరకు. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న సహజ తోరణం. 150 కోట్ల ఏళ్ళ నాటిదని ఒకరు, 250 కోట్ల ఏళ్ళ నాటిదని ఇంకొకరు రాస్తారు. రాయి వయసు వేరు, తోరణం వయసు వేరు. ఇసుక పేరుకున్నది ఒకప్పుడు, గట్టిపడిన పొరలు పైకి లేచింది మరొకప్పుడు, అందులో మెత్తని భాగం రాలిపోయి మధ్యలో సందు ఏర్పడింది ఎంతో తరువాత. గాలికీ వానకూ నిలబడ్డ ఒక సన్నని కమాను కోట్ల ఏళ్ళు కూలకుండా ఉంటుందా అని ఒక్క క్షణం ఆగితే చాలు. దేవాలయపు రాతి స్తంభం వయసు ఎంత అంటే గ్రానైటు వయసు చెబుతామా? చెప్పం. తోరణం దగ్గర మాత్రం చదువుకున్నవాళ్ళే చెప్పేస్తారు.

డిగ్రీ పాఠాలు చెప్పే స్నేహితుడితో ఇదంతా అంటే నవ్వాడు. "నువ్వు బోర్లు చూసుకునేవాడివి, నీకేం. అరవై మందిని ఘాట్ రోడ్డులో ఎక్కడ నిలబెట్టను? వెనక నుంచి బస్సులు వస్తాయి. పరీక్షలో ఫెల్డ్‌స్పార్ అంటే ఏమిటో తెలియకపోతే తప్పుతారు. పేర్లు రాకుండా గోడ ముందు నిలబెడితే వాళ్ళకు కనిపించేది గోడే." మొదటి మాట ఒప్పుకుంటాను. ఘాట్ రోడ్డు తరగతి గది కాదు. చూడడానికి అక్కడ క్షేమంగా నిలబడే చోటు కట్టాలని అడగవలసిన కాలేజీలు అడగడం లేదు. రెండో మాట ఒప్పుకోను. క్వారీలో రాయి కొట్టేవాళ్ళు గ్రానైటు వాటం చూసి, ఎటు ఉలి దిగితే సాఫుగా విడిపోతుందో చేత్తో తడిమి చెబుతారు. ఫెల్డ్‌స్పార్ అన్న మాట వాళ్ళు వినలేదు. నాపరాయి, ముగ్గురాయి, రాతినార, పలుగురాయి, సుద్ద, మొరం... వాడకంలోంచి వచ్చిన పేర్లు మనకు ఎన్నో ఉన్నాయి. కడప జిల్లా కుర్రవాడికి మంగంపేట ముగ్గురాయి తెలుసు. అదే బెరైటు అని చెబితే ఒక్కరోజులో పట్టుకుంటాడు. బెరైటుతో మొదలుపెడితే అది ఏ దేశంలోనో ఉంటుందనుకుంటాడు.

కాలాల వరుస సంగతీ అంతే. మా వాడు కేంబ్రియన్‌తో మొదలుపెట్టి ట్రైలోబైట్లనే పాత సముద్ర జీవుల బొమ్మలు గీస్తున్నాడు. ట్రైలోబైట్లు బతికిన కాలానికి చెందిన పొరలు మన రెండు రాష్ట్రాల్లో దాదాపు లేవు. కడప, కర్నూలు పొరలు మహా పాతవి. ఎముకలూ గవ్వలూ ఉన్న జీవులు రాకముందువి. వేంపల్లి సున్నపురాతిలో ఉన్నది నీటి అడుగున జిగురు చాపల్లా పరుచుకున్న సూక్ష్మజీవులు కట్టిన స్ట్రొమటోలైట్లు. వాటి తరువాత మన పుస్తకంలో చాలా పుటలు చిరిగిపోయి, మళ్ళీ తెరుచుకునేది గోదావరి లోయలో, సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందటి మంచు కాలం నుంచి. ఆ మంచు కరిగాక పెరిగిన గ్లోసాప్టెరిస్ అడవులే సింగరేణి బొగ్గు. 1871లో ఇల్లందు దగ్గర దాన్ని గుర్తించిన విలియం కింగ్, కడప, కర్నూలు రాళ్ళను తిరిగి చూసి 1872లో నివేదిక ఇచ్చినాయనే. ఆ పొరల మీదే ఇంకాస్త పైకి వస్తే కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబడి ఉంది. ఇంకా పైకి వస్తే రాజమండ్రి దగ్గర గోదావరికి రెండు గట్టుల మీదా నల్లటి బసాల్టు. పడమటి కనుమల వైపు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అది అంటారు. డైనోసార్లు అంతరించిన రోజులనాటిది. మన నేల చరిత్ర ఇది. ఇందులో ఉన్నవెన్నో, లేనివీ అన్నే. విద్యార్థికి రెండూ చూపించాలి. యూరప్ వరుసను కంఠస్థం చేస్తే లేనివి లేవన్న సంగతే తెలియదు.

కిందటి నెల పాకాల దగ్గర అక్క వాళ్ళ పొలంలో బోరు వేయించారు. చోటు చూపమని నన్నే పిలిచారు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు చూసే పెద్దాయన్ను కూడా పిలిచారట, ఇద్దరం అదృష్టవశాత్తు ఒకే గట్టు చూపించాం. మా వాడూ వచ్చాడు. బోరుబండి మొదలైన కాసేపటి దాకా ఎర్రటి మొరం పైకి వచ్చింది. యాభై అడుగులు దాటాక దుమ్ము తెల్లబడింది. రాయి తగిలింది, కేసింగు ఇక్కడికి చాలు అన్నాడు బండి ఆపరేటర్. మా వాడు మొరం ఒక గుప్పెడు, తెల్ల దుమ్ము ఒక గుప్పెడు తీసుకుని పక్కపక్కన గట్టు మీద పోశాడు. మొరంలోంచి పలుగు రవ్వలు ఏరి, రాయి దుమ్ములోనూ వెతికాడు. రెండింటిలోనూ అవే రవ్వలు.

"మామయ్యా, ఈ మొరం కూడా గ్రానైటేనా?"

"ఒకప్పుడు."

"ఇప్పుడిది వానకు వాగులోకి పోతుంది."

"అక్కడినుంచి స్వర్ణముఖిలోకి, తరువాత సముద్రంలోకి."

వాడు చుట్టూ చూశాడు. దూరంగా గుండ్ల గుట్ట, చెరువు కట్ట, వేరుశనగ చేలు. "అయితే ఇప్పుడు మనం నిలబడింది..." అని ఆగి, బూటుతో నేల మీద ఒక గీత గీశాడు. "దీని మీదికి మళ్ళీ ఎప్పుడైనా ఇసుక వస్తే?"

నేను జవాబు చెప్పబోయేలోగా బోరులో నీళ్ళు ఎగజిమ్మాయి, అక్క కేక పెట్టింది, ముగ్గురం తడిసిపోయాం.